15 హెచ్‌పీ టూ స్ట్రోక్ ఔట్‌బోర్డ్: పావుగంట నడిచాక బలం పడిపోయి ఆగిపోతోంది, ఏ వరసలో చూడాలి?

#1 — ఉప్పాడ_ఫైబర్

అందరికీ నమస్కారమండి. ఫైబర్ తెప్పకి బిగించిన 15 హెచ్‌పీ ఔట్‌బోర్డ్. టూ స్ట్రోక్, రెండు సిలిండర్లు, ఒకే కార్బొరేటర్, తాడు లాగి స్టార్ట్ చేసే రకం. ట్యాంకు విడిగా ఉంటుంది, 25 లీటర్లది.

చల్లగా ఉన్నప్పుడు రెండో లాగుడికే అందుకుంటుంది. ఐడిల్ నిలకడగా ఉంటుంది. ఫుల్ రేసులో పది పదిహేను నిమిషాలు పోయాక శబ్దం బరువెక్కి, వేగం సగానికి పడి, ఆగిపోతుంది. కాసేపు వదిలేస్తే మళ్ళీ మామూలే. ప్లగ్‌లు కొత్తవి, బీ7హెచ్‌ఎస్-10. ఇక్కడ అందరూ సీడీఐ (ప్లగ్‌లకి స్పార్క్ పుట్టించే ఎలక్ట్రానిక్ డబ్బా) పోయింది, మార్చెయ్యమంటున్నారు. వేట నిషేధం జూన్ 14తో అయిపోతుంది, ఈలోపు ఇంటి దగ్గరే డ్రమ్ములో పెట్టి బాగుచేసుకోవాలి. మల్టీమీటర్, కంప్రెషన్ గేజ్, స్పార్క్ టెస్టర్ ఉన్నాయి. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టమంటారు?

#2 — సరంగు_భీమిలి

సీడీఐ జోలికి ఇప్పుడే పోకండి. చల్లగా బాగా నడిచి, వేడెక్కాక ఆగి, కాసేపటికి మళ్ళీ అందుకునే మోటారుకి కారణాలు నాలుగే: ట్యాంకు గాలి రంధ్రం మూసుకుపోవడం, పెట్రోలు లైన్‌లోకి గాలి చొరబడటం, ఇంజన్ మితిమీరి వేడెక్కడం, వేడికి ఏదో కాయిల్ తెగడం. మొదటి రెంటికీ దమ్మిడీ ఖర్చుండదు. చాలా కేసులు అక్కడే తేలిపోతాయి.

ముందు డ్రమ్ము సంగతి చెప్పాలి. మీ జబ్బు డ్రమ్ములో బయటపడదు. ప్రొపెల్లర్ తీసేసి డ్రమ్ములో ఫుల్ రేసు ఇస్తే లోడు లేక ఇంజన్ హద్దు మీరి తిరుగుతుంది, రాడ్లు పోతాయి. ప్రొపెల్లర్ ఉంచి ఇస్తే నీళ్ళు నురగై పంపు గాలి పీలుస్తుంది. డ్రమ్ము ఐడిల్‌కీ, నీళ్ళ ధార చూడ్డానికీ మాత్రమే. అప్పుడు కూడా ప్రొపెల్లర్ విప్పేసి, దాని పైనున్న అడ్డ రెక్క పూర్తిగా మునిగేలా నీళ్ళు నింపాలి. ఆరుబయట పెట్టండి. షెడ్డు లోపల ఆ పొగ ప్రాణం తీస్తుంది.

అసలు పరీక్షకి తెప్పని ఉప్పుటేరులో గట్టి గుంజకి రెండు తాళ్ళతో కట్టి, గేరు వేసి సగం పైన రేసులో నడపండి. స్టాప్ తాడు చేతికి కట్టుకోండి. వేగం పడటం మొదలైన క్షణంలో, ఆగిపోకముందే, ఈ నాలుగూ చూడండి.

ఒకటి, పెట్రోలు లైన్‌లో చేత్తో నొక్కే రబ్బరు బంతి. లోపలికి పీల్చుకుని అణిగిపోయి ఉంటే ట్యాంకు వైపు అడ్డు ఉన్నట్టు: గాలి మర, ట్యాంకులో పీల్చే గొట్టం చివర జల్లెడ, లేదా పైపు లోపలి పొర ఊడి ముడుచుకోవడం. గుండ్రంగానే ఉండి మెత్తగా ఉంటే, బంతి నొక్కగానే ఇంజన్ తేరుకుంటే, గాలి దూరుతోంది లేదా ఫ్యూయల్ పంపు నీరసించింది. గట్టిగా ఉండి, నొక్కినా మార్పు లేకపోతే లైన్‌ని వదిలేసి కార్బొరేటర్, ఇగ్నిషన్ చూడాలి.

రెండు, ట్యాంకు మూత మీది గాలి మరని పూర్తిగా విప్పండి. ఉస్సుమని గాలి లోపలికి పోయిందంటే జబ్బు దొరికేసినట్టే.

మూడు, వెనక నుంచి వచ్చే నీళ్ళ ధార మొదట్లో ఉన్నంత జోరుగా ఉందా?

నాలుగు, ఆగిన వెంటనే, ఒక్క నిమిషం లోపు, స్పార్క్ టెస్టర్ పెట్టి లాగండి. పది నిమిషాల తర్వాత చూస్తే కాయిల్ చల్లారి బాగానే కనిపిస్తుంది.

#3 — లంకపల్లె_బోటు

ఇంత తతంగం ఎందుకన్నా? తెలిసినవాళ్ళ దగ్గర సీడీఐ తెచ్చి పెట్టి చూస్తే ఐదు నిమిషాల్లో తేలిపోదా?

#4 — మెరైన్_ఎలక్ట్రీషియన్

తమ్ముడూ, అరువు సీడీఐ అదే మోడల్‌ది, బాగున్నదని తెలిసినదైతే పరవాలేదు. లేకపోతే రెండు అనుమానాలు చేరతాయి. కొత్తది కొంటే ఎలక్ట్రికల్ సామాను కాబట్టి చాలా షాపులు వెనక్కి తీసుకోవు.

ఇగ్నిషన్ మీద అనుమానం ఉంటే ముందు స్టాప్ స్విచ్ వైరు విడదీసి నడపండి. సముద్రం మీద తిరిగే మోటార్లలో ఆ స్విచ్‌లోకి ఉప్పు చేరి, తడికీ వేడికీ లోపల కాస్త కాస్త షార్ట్ అవుతుంటుంది. ఆ వైరు తీశాక స్పార్క్ నిలబడితే సీడీఐకి ఏ రోగమూ లేదు. వైరు తీస్తే స్విచ్‌తో ఇంజన్ ఆగదు, ఛోక్ పూర్తిగా లాగి ఆపాలి. అందుకని ఈ పరీక్ష తెప్ప కట్టి ఉన్నప్పుడే.

తర్వాత ఛార్జ్ కాయిల్, పల్సర్ కాయిల్, ఇగ్నిషన్ కాయిల్ మూడింటి ఓములూ చల్లగా ఒకసారి, ఆగిన వెంటనే ఒకసారి కొలిచి రాసుకోండి. ఉండాల్సిన అంకెలు మోడల్ మోడల్‌కీ మారతాయి, మీ మోటారు సర్వీస్ మాన్యువల్‌లోవే ప్రమాణం. వేడికి ఓములు పెరగడం సహజం. రాగి తీగకి డిగ్రీకి 0.4 శాతం దాకా పెరుగుతుంది, అంటే 40 డిగ్రీలు వేడెక్కితే 16 శాతం. అది చూసి కాయిల్ పారెయ్యకండి. వేడి మీద మీటరు అనంతం చూపించినా, వైరు కదిపినప్పుడల్లా అంకె గెంతినా అప్పుడు కాయిల్ పోయినట్టు.

ప్లగ్‌ని వైరుతో గాల్లో వదిలేసి తాడు లాగడం మాత్రం ఎవరూ చెయ్యొద్దు. ఎర్త్ దొరక్కపోతే ఆ వోల్టేజీ కాయిల్ లోపలో సీడీఐ లోపలో దారి వెతుక్కుంటుంది. బాగున్న సీడీఐలు అలా కూడా చస్తాయి.

#5 — ఉప్పాడ_ఫైబర్

సరంగు గారు చెప్పినట్టే ఏట్లో కట్టి చూశానండి. వేగం పడినప్పుడు బంతి గుండ్రంగానే ఉంది, మెత్తగా ఉంది. గబగబా నొక్కితే ఇంజన్ మళ్ళీ అందుకుంది, వదిలేస్తే నిమిషంలో పడిపోయింది. గాలి మర తెరిచే ఉంది. ఆగిన వెంటనే స్పార్క్ రెండు సిలిండర్లకీ ఉంది. నీళ్ళ ధార వస్తోంది గానీ అంత జోరు లేదు. పైపు మీద ఎక్కడా పెట్రోలు కారిన మరక లేదు.

#6 — సరంగు_భీమిలి

కారకపోవడం చూసి మోసపోకండి. బంతి నుంచి పంపు దాకా నడుస్తున్నప్పుడు ఉండేది పీల్చే ఒత్తిడి. కన్నం ఉంటే పెట్రోలు బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. ఐడిల్‌లో పెట్రోలు వాడకం తక్కువ కాబట్టి ఆ గాలిని పంపు ఎలాగో నెట్టేస్తుంది. ఫుల్ రేసులో కార్బొరేటర్ గిన్నె నిండేదాని కంటే ఖాళీ అయ్యేది ఎక్కువై, పది పదిహేను నిమిషాలకి గిన్నె అడుగంటుతుంది. మీ లక్షణం సరిగ్గా ఇదే.

జానెడు పారదర్శక పెట్రోలు పైపు, రెండు క్లిప్పులు తెచ్చుకోండి. ఇంజన్ పక్కన, పంపుకి ముందు ఆ ముక్క వేసి నడపండి. బుడగలు కనిపిస్తే గాలి ఖాయం. ఇక ఆ ముక్కని వెనక్కి జరుపుతూ పోండి: ఇంజన్ కనెక్టర్‌కి ముందు, తర్వాత బంతికి ముందు, తర్వాత ట్యాంకు దగ్గర. ఎక్కడ వేసినప్పుడు బుడగలు మాయమయ్యాయో, దానికీ కిందటి చోటుకీ మధ్యలోనే దొంగ ఉన్నాడు.

ఎక్కువసార్లు దొరికేది ఇంజన్‌కి తగిలించే క్విక్ కనెక్టర్ లోపలి ఓ-రింగ్. రోజూ తీసి పెట్టడంతో అరుగుతుంది, ఇసక రేణువు చేరితే కోసుకుపోతుంది. ఆ తర్వాత బంతి లోపలి కవాటాలు, పైపు చివర్లు. పైపుని కట్టుతీగతో మెలిపెట్టి బిగిస్తారు చూడండి, అది ఒకవైపు కోస్తుంది, ఇంకోవైపు వదులుగా ఉంటుంది. స్టీలు క్లిప్పులే వాడండి. పైపు లోపలి వ్యాసం పాతదానికి సరిగ్గా సరిపోవాలి, సన్నం పైపు వేస్తే మళ్ళీ ఇదే జబ్బు. బంతి మీది బాణం ఇంజన్ వైపు ఉండాలి. స్టార్టింగ్‌కి నొక్కేటప్పుడు బాణం ఆకాశానికి చూపేలా నిలువుగా పట్టుకోండి, లోపలి కవాటాలు అప్పుడే సరిగ్గా కూర్చుంటాయి.

#7 — డల్లాస్_చెరువు

లైన్ విప్పుతున్నారు కాబట్టి పెట్రోలు సంగతి కూడా చూడండి. ఇప్పుడు మన దగ్గర బంకుల్లో దొరికేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్. చాలా ఔట్‌బోర్డ్ మాన్యువళ్ళు 10 శాతం దాకానే ఒప్పుకుంటాయి. అమెరికాలో పడవలకి ఈ15 పొయ్యడమే నిషేధం, చాలా మెరీనాల్లో ఇథనాల్ లేని పెట్రోలు విడిగా అమ్ముతారు. మన తీరంలో ఆ సౌకర్యం లేదు కాబట్టి జాగ్రత్త మన చేతుల్లోనే ఉంది.

ఇథనాల్ పాత రబ్బరుని ఉబ్బిస్తుంది, ఆరాక గట్టిపరిచి పగలగొడుతుంది. ఓ-రింగ్, డయాఫ్రమ్ (ఫ్యూయల్ పంపులో ఆడే పల్చటి పొర), పైపు లోపలి పొర, అన్నిటికీ ఇదే గతి. రెండోది నీరు. ఇథనాల్ గాల్లోంచి తేమ పీల్చుకుంటుంది, ఒక హద్దు దాటాక నీరూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకి దిగుతాయి. పీల్చే గొట్టం ఉండేది అడుగునే. టూ స్ట్రోక్‌కి ఇది రెట్టింపు ప్రమాదం, ఎందుకంటే మనం కలిపిన ఆయిల్ పైనున్న పెట్రోలుతోనే ఉండిపోతుంది, కింది పొరలో ఉండదు. ఇంజన్ నూనె లేకుండా తిరిగి పిస్టన్ గీసుకుపోతుంది.

ఇథనాల్ ఎంతుందో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. గీతలున్న 100 మి.లీ. గాజు జాడీలో 10 మి.లీ. నీళ్ళు, 90 మి.లీ. ఆయిల్ కలపని పెట్రోలు పోసి, మూతపెట్టి ఊపి, పది నిమిషాలు కదపకుండా ఉంచండి. మధ్యమధ్య మూత వదులుచేసి ఆవిరి వదలాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. కింది పొర 10 నుంచి 28 మి.లీ.కి పెరిగితే అందులో 18 మి.లీ. ఇథనాల్, అంటే 90కి 20 శాతం.

కలిపిన పెట్రోలు నెలల తరబడి ఉంచొద్దు. తీరప్రాంతపు గాలికి రెండు మూడు వారాలే ఎక్కువ. నిషేధం ముందు ట్యాంకులో మిగిలింది జూన్‌లో వాడేవాళ్ళని చూస్తే భయమేస్తుంది.

#8 — ఉప్పాడ_ఫైబర్

దొరికింది! పారదర్శక ముక్క పంపు దగ్గర వేస్తే బుడగలు, కనెక్టర్‌కి ముందు వేస్తే ఒక్క బుడగ లేదు. కనెక్టర్ ఓ-రింగ్ ఒకచోట చదునుగా అరిగి ఉంది. కనెక్టర్ మొత్తం మార్చాను, పైపు చివర్లు అంగుళం కోసి కొత్త క్లిప్పులు వేశాను. ఇప్పుడు అరగంట నడిచినా ఆగలేదు. సీడీఐ డబ్బులు మిగిలాయి, అందరికీ కృతజ్ఞతలు.

కానీ ఫుల్ రేసులో మునుపటి బలం లేదు. ప్లగ్‌లు విప్పితే పైది గోధుమరంగు, కిందిది నల్లగా తడిగా ఉంది. కంప్రెషన్ పైన 115, కింద 110 పీఎస్ఐ. ఇక దేన్ని అనుమానించాలి?

#9 — కాకినాడ_వర్క్‌షాప్

కంప్రెషన్ బాగుందండి. మిగతావాళ్ళ కోసం పద్ధతి చెబుతాను: రెండు ప్లగ్‌లూ విప్పి, వైర్లు ఎర్త్ చేసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ముల్లు ఇక పెరగనంత వరకు నాలుగైదు సార్లు లాగాలి. థ్రాటిల్ మూసి కొలిస్తే తప్పుడు అంకె వస్తుంది. ఇలాంటి మోటారుకి 90 కంటే తక్కువొస్తే అనుమానించాలి. అంకె కంటే రెండు సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం, 10 శాతం లోపు ఉండాలి. తేడా ఎక్కువుంటే సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ కొలవండి. పెరిగితే రింగులు, పెరక్కపోతే హెడ్ గాస్కెట్.

ఒకే కార్బొరేటర్ రెండు సిలిండర్లకీ పెట్రోలు ఇస్తున్నప్పుడు ఒక ప్లగ్ మాత్రమే తడుస్తోందంటే నాకు మొదట తట్టేది ఫ్యూయల్ పంపు డయాఫ్రమ్. ఈ పంపుకి మోటారు లేదు, బ్యాటరీ లేదు. ఒక సిలిండర్ క్రాంక్‌కేస్‌లో పిస్టన్ కదలికకి పుట్టే ఒత్తిడీ లాగుడూ ఒక రంధ్రం గుండా వచ్చి డయాఫ్రమ్‌ని ఆడిస్తాయి. దానికి సూదిమొన కన్నం పడినా పచ్చి పెట్రోలు అదే రంధ్రం గుండా ఆ సిలిండర్‌లోకి పోతుంది. అక్కడ ప్లగ్ తడుస్తుంది, పంపు బలమూ తగ్గుతుంది.

పంపుని బ్లాకు నుంచి విప్పి పైపు తగిలించే ఉంచండి. బంతి నొక్కితే వెనకవైపు పల్స్ రంధ్రం దగ్గర తడి కనిపిస్తే డయాఫ్రమ్ చిరిగినట్టే. తర్వాత పంపు విప్పేటప్పుడు పక్కన మార్కరుతో ఏటవాలు గీత గీసుకోండి, పొరలు ఏ వరసలో ఉన్నాయో ఫోటో తీసుకోండి. గాస్కెట్, డయాఫ్రమ్ తారుమారైతే పంపు అసలు పనిచెయ్యదు. డయాఫ్రమ్‌ని ఎండకి పట్టి చూడండి. పల్చటి కవాటపు రేకులు చదునుగా ఆనుకోవాలి, అంచు లేచిందంటే మార్చాల్సిందే. మొత్తం కిట్ వెయ్యండి, ఒక్క ముక్క మార్చొద్దు. గాస్కెట్‌కి సీలెంట్ పుయ్యకండి, ఊడిన ముక్క వెళ్ళి జెట్‌లో ఇరుక్కుంటుంది.

పంపు బాగుంటే కింది ప్లగ్ టోపీ చూడండి. వైరు చివర పచ్చగా తుప్పు పట్టి ఉంటే 5 మి.మీ. కోసి టోపీ మళ్ళీ మరతిప్పండి. రెండు ప్లగ్‌లూ అటుదిటు మార్చి కూడా చూడండి, తడి ప్లగ్‌తో పాటు వెళ్తే ప్లగ్‌దే తప్పు.

#10 — లంకపల్లె_బోటు

గురువుగారూ, బీ7హెచ్‌ఎస్ దొరక్కపోతే బీ8 వెయ్యొచ్చా? ఇక్కడి షాపులో రెండూ ఒకటే అన్నాడు.

#11 — కాకినాడ_వర్క్‌షాప్

ఒకటి కాదు. ఎన్‌జీకేలో ఆ అంకె వేడి తరగతి. అంకె పెరిగేకొద్దీ ప్లగ్ చల్లనిది. బీ8 వేస్తే మసి కాలక, వల దగ్గర నెమ్మదిగా నడిపేటప్పుడు తడిసిపోతుంది. బీ6 వేస్తే ఫుల్ రేసులో మొన మితిమీరి వేడెక్కి పిస్టన్‌కి చేటు. హెచ్ అంటే మర పొడవు 12.7 మి.మీ., అది మారితే ఇంకా ప్రమాదం. చివరి 10 అంటే గ్యాప్ 1.0 మి.మీ. కొత్తదైనా ఫీలర్ గేజ్‌తో చూసుకునే బిగించండి.

ప్లగ్ రంగు చదవడం నేర్చుకోండి. గోధుమరంగు ఆరోగ్యం. నల్లగా తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువ లేదా స్పార్క్ తక్కువ. తెల్లగా మాడి, మెరిసే చుక్కలుంటే పెట్రోలు చాలక అల్యూమినియం కరుగుతోంది, ఆ క్షణమే ఆపెయ్యాలి. ఆవిరితో కడిగినంత శుభ్రంగా ఉంటే ఆ సిలిండర్‌లోకి నీరు వస్తోంది.

#12 — ఉప్పాడ_ఫైబర్

డయాఫ్రమ్‌కి మడత దగ్గర కన్నం ఉందండి, వెల్తురుకి పడితే చుక్కలా కనిపించింది. కిట్ వేశాను. రెండు ప్లగ్‌లూ ఒకే రంగుకొచ్చాయి. ఫుల్ రేసు ఇచ్చినప్పుడు ఒకసారి తడబడి తర్వాత అందుకుంటోంది. ఛోక్ కొంచెం లాగితే తడబాటు పోతోంది. అలాగే వాడుకోవచ్చా?

#13 — సరంగు_భీమిలి

వద్దు! ఛోక్ లాగితే బాగవుతోందంటే పెట్రోలు చాలట్లేదని ఇంజన్ చెబుతోంది. టూ స్ట్రోక్‌లో నూనె వచ్చేది పెట్రోలుతోనే. పెట్రోలు తగ్గితే నూనె తగ్గుతుంది, వేడి పెరుగుతుంది, పిస్టన్ పట్టేస్తుంది. కార్బొరేటర్ విప్పక తప్పదు.

విప్పకముందు గిన్నె అడుగు మర తీసి లోపలున్నదంతా గాజు సీసాలో పట్టండి. నీటి బొట్లు, తుప్పు పొడి, జిగురు ముక్కలు ఏం కనిపిస్తే అదే మీ కథ.

పైలట్ మరని (ఐడిల్ సర్దే మర) విప్పకండి, ముందు బిగించండి. వేళ్ళతో మెల్లగా, ఆనేదాకా ఎన్ని చుట్లో లెక్కపెట్టి రాసుకోండి, తర్వాతే విప్పండి. లెక్క పోతే ఐడిల్ మళ్ళీ కుదరడానికి చాలా తంటా. మెయిన్ జెట్, పైలట్ జెట్, మెయిన్ నాజిల్ మూడూ సరిగ్గా పట్టే స్క్రూడ్రైవర్‌తోనే తియ్యండి. ఇత్తడి కదా, గాడి చెడితే అంతే. ప్లాస్టిక్, రబ్బరు ముక్కలన్నీ పక్కన పెట్టాకే క్లీనర్ కొట్టండి. ప్రతి దారిలో ఒకవైపు కొట్టి, ఇంకోవైపు ధారగా వస్తోందో లేదో చూడాలి. కళ్ళద్దాలు తప్పనిసరి, ఆ స్ప్రే ఎదురు తిరిగి సరాసరి కంట్లోకే వస్తుంది.

పైలట్ జెట్ కన్నం వెంట్రుక వాసి. సూది, ఇనప తీగ గుచ్చితే కన్నం పెద్దదై జెట్ పాడవుతుంది. కరెంటు వైరులోని ఒకే ఒక్క రాగి పోగు చాలు. మెయిన్ నాజిల్ పక్కల ఉన్న చిన్న రంధ్రాలు అన్నీ తెరిచి ఉండాలి, సగం మంది వాటిని మర్చిపోతారు. మీ తడబాటుకి అవే కారణమని నా అనుమానం.

ఫ్లోట్ సూది మొన మీద ఉంగరంలా గాడి పడి ఉంటే మార్చండి. కార్బొరేటర్ తలకిందులుగా పట్టుకుంటే చాలా మోడళ్ళలో ఫ్లోట్ అంచు బాడీకి సమాంతరంగా ఉంటుంది, కచ్చితమైన ఎత్తు మాన్యువల్‌లో చూసుకోవాలి. గిన్నె గాస్కెట్ పాతది వెయ్యొద్దు. బిగించాక బంతి గట్టిపడేదాకా నొక్కి రెండు నిమిషాలు ఆగండి, కార్బొరేటర్ నోటి నుంచి చుక్క కూడా రాకూడదు.

#14 — గోదారి_లాంచీ

ధార జోరు లేదని ముందే అన్నారు, దాని ఊసే ఎవరూ ఎత్తలేదు. మిగతావన్నీ ఆగిపోయే జబ్బులు, ఇది ఇంజన్ని మింగే జబ్బు.

ముందు ధార వచ్చే రంధ్రంలో తంగూసు ముక్క దూర్చి చూడండి. ఉప్పు గడ్డకట్టడం, పురుగు గూడు కట్టడం మామూలే. దాంతో ధార పెరిగితే పంపు బాగున్నట్టు. పెరక్కపోతే హెడ్ మీద ఒక నీటి చుక్క వెయ్యండి. చుయ్ మని ఎగిరిపోతే 100 డిగ్రీలు దాటింది, వెంటనే ఆపండి.

ఇంపెల్లర్‌కి (నీటి పంపులో తిరిగే రబ్బరు రెక్కల చక్రం) కింది గేర్ భాగం దింపాలి. గేరు లింకు ఎన్ని మరల మీద కూర్చుందో గుర్తుపెట్టుకుని విడదీయండి. బోల్టులు కదలకపోతే బలం చూపించకండి, అల్యూమినియంలో స్టీలు బోల్టు ఉప్పుకి అతుక్కుపోయి తల తెగుతుంది. తుప్పు నూనె పోసి రాత్రంతా వదిలి, చుట్టూ అల్యూమినియంని వేడిగాలితో వేడిచేసి, అటూ ఇటూ కొంచెం కొంచెం ఆడించండి. కొన్ని మోడళ్ళలో ట్రిమ్ ట్యాబ్ (ప్రొపెల్లర్ పైనుండే చిన్న రెక్క) కింద ఒక బోల్టు దాక్కుని ఉంటుంది, అది మర్చిపోయి సుత్తితో కొట్టి కేసింగ్ పగలగొట్టినవాళ్ళున్నారు.

రెక్కలు ఒకవైపు వంగి ఉండిపోయినా, అంచులు అరిగినా మార్చాలి. రెక్క విరిగి ఉంటే ఆ ముక్కలన్నీ దొరికేదాకా వెతకండి, పైన నీటి దారిలో ఇరుక్కుంటే కొత్త ఇంపెల్లర్ వేసినా సిలిండర్ కాలుతుంది. ఉప్పాడలాంటి ఇసక ఒడ్డు మీంచి తెప్ప దించే చోట లోపలి స్టీలు గిన్నె, కింది పలక కూడా గీతలు పడతాయి. గోటికి గీత తగిలితే అవి కూడా మార్చండి.

బిగించేటప్పుడు రెక్కలకి సబ్బునీళ్ళు రాయండి, గ్రీజు వద్దు. షాఫ్టుని పైనుంచి చూస్తే గడియారం దిశలో తిప్పుతూ మూత కిందికి నొక్కండి. షాఫ్టు స్ప్లైన్ల (చివరనుండే పళ్ళు) పక్కలకి గ్రీజు రాయాలి, పై కొనకి రాయకూడదు, అక్కడ చిక్కుకున్న గ్రీజు షాఫ్టుని పూర్తిగా కూర్చోనివ్వదు. పైకి ఎత్తేటప్పుడు నీటి గొట్టం దాని రబ్బరు బూటులోకి దిగిందో లేదో టార్చి వేసి చూడండి. కొత్త ఇంపెల్లర్ వేశాక ధార అసలే రాకపోతే పదికి తొమ్మిదిసార్లు ఈ గొట్టం పక్కకి పోయి ఉంటుంది. స్ప్లైన్లు కలవకపోతే ఫ్లైవీల్‌ని గడియారం దిశలోనే కొంచెం తిప్పండి, వెనక్కి తిప్పితే రెక్కలు మడత తిరగబడతాయి.

ఇంత చేసినా హెడ్ కాలుతుంటే థర్మోస్టాట్ తీసి, వేడిచేసే నీళ్ళలో దారంతో వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెట్టి చూడండి. చిన్న టూ స్ట్రోక్‌లలో చాలావాటికి 50 డిగ్రీల దరిదాపుల్లో తెరుచుకోవడం మొదలవ్వాలి, దాని మీదే అంకె కొట్టి ఉంటుంది. తీసేసి నడపడం పరిష్కారం కాదు, ఇంజన్ చల్లగా నడిచి మసి పేరుకుంటుంది.

#15 — పూడిమడక_వల

నాది ఆయిల్ ప్రశ్న. బైకుల 2టీ ఆయిల్ సగం ధరకే వస్తోంది. పోస్తే ఏమవుతుంది?

#16 — కాకినాడ_వర్క్‌షాప్

పొయ్యకండి. బైకు ఇంజన్ గాలికి చల్లబడేది, వేడి ఎక్కువ, దాని ఆయిల్‌లో ఆ వేడికి సరిపడే బూడిద మిగిల్చే పదార్థాలుంటాయి. ఔట్‌బోర్డ్ సముద్రపు నీటితో చల్లబడి గంటల తరబడి ఫుల్ రేసులో ఉంటుంది. దీనికి బూడిద మిగల్చని టీసీ-డబ్ల్యూ3 అన్న గుర్తున్న ఆయిలే. వేరేది పోస్తే రింగులు గాడిలో అతుక్కుంటాయి, ఆదా చేసిన దానికి ఎన్నో రెట్లు రీబోరింగ్‌కి పోతుంది.

పెట్రోలు, ఆయిల్ పాళ్ళు 50:1 అంటే లీటరుకి 20 మి.లీ., 25 లీటర్లకి అర లీటరు. ట్యాంకులో సగం పెట్రోలు, తర్వాత ఆయిల్, తర్వాత మిగతా పెట్రోలు. మూత పెట్టి బాగా కదపాలి. కొత్త ఇంజన్‌కి, రీబోర్ చేసినదానికి మొదటి 10 గంటలు 25:1. మీ మాన్యువల్ వేరే చెబితే అదే వినండి. పెట్రోలు మోటారులో కిరోసిన్ కలిపేవాళ్ళకి కూడా ఇదే చెబుతున్నా: కిరోసిన్ మోడల్‌కి కంప్రెషన్ నిష్పత్తి వేరు, తక్కువ. పెట్రోలు మోటారులో అది వేళకి ముందే మండి పిస్టన్ నెత్తిన కన్నం పెడుతుంది.

#17 — ఉప్పాడ_ఫైబర్

కార్బొరేటర్ గిన్నెలో జిగురు, మెయిన్ నాజిల్ పక్క రంధ్రాల్లో మూడు పూర్తిగా మూసుకుపోయి ఉన్నాయి. సరంగు గారి అనుమానమే నిజం. ఇప్పుడు తడబాటు లేదు. ఇంపెల్లర్ రెక్కలన్నీ వంగిపోయి ఉన్నాయి, పంపు స్టీలు గిన్నెతో సహా మార్చాను, ధార బాగా దూకుతోంది.

కింది భాగం దించినప్పుడు గేర్ ఆయిల్ మర విప్పితే పాలు కలిసినట్టు తెల్లగా వచ్చింది. మోటారు వేటకి సిద్ధం చెయ్యొచ్చా, అది కూడా విప్పాలా?

#18 — గోదారి_లాంచీ

నీరు చేరింది బాబాయ్, అలా పంపకండి, గేర్లూ బేరింగులూ తుప్పు పడతాయి. ముందు ప్రొపెల్లర్ తీసి షాఫ్టు చుట్టూ చూడండి. తంగూసు చుట్టుకుని సీల్ పెదవిని కోసేయడం మీ తీరంలో మొదటి కారణం. ప్రొపెల్లర్ విప్పారు కాబట్టి మధ్య రబ్బరు హబ్‌కీ రెక్కలకీ అడ్డంగా ఒక మార్కరు గీత గీసిపెట్టండి. ఇంజన్ అరుస్తూ తెప్ప కదలనప్పుడు ఆ గీత విడిపోయి కనిపిస్తే హబ్ జారుతోందని తెలిసిపోతుంది.

ప్రొపెల్లర్ షాఫ్టు సీళ్ళు, ఇంపెల్లర్ కింద ఉండే డ్రైవ్ షాఫ్టు సీళ్ళు, రెండు మరల వాషర్లు కొత్తవి వెయ్యండి. ఒక్కోసారి వాషరు ఒక్కటే దొంగ. షాఫ్టు మీద సీల్ ఆనే చోట గోటికి గాడి తగిలితే కొత్త సీల్ కూడా నిలవదు, షాఫ్టు పని చేయించాలి.

ఆయిల్ పొయ్యడం కింది మర నుంచి. రెండు మరలూ తీసి, మోటారు నిలువుగా ఉంచి, కింది రంధ్రంలోకి ట్యూబుతో ఎస్ఏఈ 90 మెరైన్ గేర్ ఆయిల్ ఎక్కించండి. ఈ సైజు మోటార్లకి పావు లీటరు అటూఇటూ పడుతుంది. పై రంధ్రం నుంచి బుడగల్లేకుండా కారేదాకా. ముందు పై మర బిగించండి, అప్పుడు కింది ట్యూబు తీసినా ఆయిల్ జారిపోదు, వెంటనే కింది మర బిగించండి. పైనుంచి పోస్తే లోపల గాలి నిలిచి సగమే నిండుతుంది.

కట్టిన తెప్ప మీద గంట నడిపి, రాత్రి నిలువుగా వదిలి, పొద్దున కింది మర ఒక చుట్టు వదులుచేసి రెండు చుక్కలు వేలి మీద పట్టండి. నీరు బరువు కాబట్టి ఉంటే అదే ముందొస్తుంది. తేటగా ఉంటే వేటకి వెళ్ళొచ్చు. మళ్ళీ తెలుపు కనిపిస్తే గేర్ కేసుకి గాలి పంపుతో ప్రెషర్ పరీక్ష చెయ్యాలి: పై మర చోట గేజ్ బిగించి 10 పీఎస్ఐ దాటకుండా గాలి నింపి, నీళ్ళ తొట్లో ముంచితే బుడగ ఎక్కణ్ణుంచి వస్తే ఆ సీలే.

#19 — ఉప్పాడ_ఫైబర్

ప్రొపెల్లర్ వెనక మూరెడు తంగూసు చుట్టుకుని ఉందండి, సీల్ అంచు కోసుకుపోయింది. సీళ్ళు రెండూ, వాషర్లూ రాసుకున్నాను, రేపు కాకినాడ వెళ్ళి తెస్తాను. జింక్ ఆనోడ్ (గేర్ కేసు బదులు తను కరిగే లోహపు ముక్క) కూడా సగం పైన తినేసి ఉంది, దానితోపాటే మార్చనా?

#20 — సరంగు_భీమిలి

మార్చండి, సగానికి తగ్గాక ఉంచొద్దు. సముద్రానికి జింక్, పూర్తి మంచినీళ్ళలో తిరిగే గోదారి లాంచీలకైతే మెగ్నీషియం. ఆనోడ్ ఆనే చోట రంగూ తుప్పూ గీకి మెటల్ కనిపించేలా చెయ్యండి, ఆనోడ్ మీద మాత్రం పెయింటు పడనివ్వకండి. రంగు వేస్తే అది పనిచెయ్యదు, దాని బదులు గేర్ కేసు కరుగుతుంది.